విరిగిన పానాను తుక్కులో వేయకండి: వారంటీ కింద కొత్తది తీసుకోవడం ఎలా?

యాసంగి నాట్లకు ముందు బోరు మోటార్లు పైకి తీసే రోజుల్లో మా షెడ్డుకు విరిగిన సామాను వరుసగా వస్తుంది. పైపు రెంచ్ దవడ పగిలి ఒకరు, రింగు పానా మూతి చీలి ఇంకొకరు, కటింగ్ ప్లేయర్ రివెట్టు దగ్గర రెండు ముక్కలై మరొకరు. పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చే మెకానిక్ తమ్ముళ్లు ఆ ముక్కలు నా ముందు పెట్టి "అన్నా, జర వెల్డింగ్ పెట్టియ్యి" అంటారు. నేను మొదట అడిగేది ఒక్కటే: కొని ఎన్నాళ్లయింది, బిల్లు ఉందా? చాలామంది దగ్గర ఉండదు. ఉన్నవాళ్లకు కూడా ఆ పానాకు వారంటీ ఉండొచ్చని తెలియదు. ఆరేడు వందలు పోసి కొన్న వస్తువు పాత ఇనుము కింద తక్కెడకెక్కుతుంటే నాకు మనసొప్పదు. అందుకే ఇది రాస్తున్నాను.

1. విరిగిన వెంటనే ముక్కలన్నీ దాచండి

వెల్డింగ్ పెట్టించకండి. గ్రైండింగ్ పట్టకండి. విరిగిన చోట ఆకురాయి తాకించకండి. ఈ మూడింటిలో ఏది చేసినా వారంటీ అక్కడితో పోయినట్టే, ఎందుకంటే కంపెనీ మనిషి మన మాటకంటే ముందు విరిగిన ముఖాన్నే, అంటే విరిగిన చోట బయటపడ్డ లోపలి భాగాన్నే చూస్తాడు. మట్టిలో పడ్డ చిన్న ముక్కను కూడా వెతికి తీసి, అన్నీ కలిపి ఒక కవర్లో వేసి మూతి కట్టండి. విరిగిన చోటుకు తడి తగలనివ్వకండి. రెండు రోజుల్లో తుప్పు పట్టిందంటే అది కొత్త పగులో పాత పగులో ఎవరూ చెప్పలేరు.

పని జరుగుతున్న చోటే ఫోన్‌తో ఫోటోలు తీయండి. పానా మీద అచ్చు పోసిన కంపెనీ పేరు, సైజు, ఏవైనా అంకెలుంటే అవి, విరిగిన చోటు దగ్గరి నుంచి ఒకటి, ఏ నట్టు మీద పెట్టారో ఆ నట్టు ఒకటి.

2. విరిగిన ముఖాన్ని మీరే ముందు చదవండి

ఇది ఎవరూ చేయరు. చేస్తే మాత్రం దుకాణంలో మాట్లాడే తీరే మారిపోతుంది.

ముక్కను పగటి వెలుగులో పట్టుకుని చూడండి. ముఖమంతా ఒకే తీరుగా, బూడిద రంగులో సన్నటి పలుకులతో మెరుస్తుంటే అది ఇప్పుడే, ఒక్కసారిగా విరిగింది. అలా కాకుండా ఒక మూల నల్లగానో తుప్పు రంగులోనో ఉండి మిగతాది మెరుస్తుంటే, ఆ నల్లటి మేర పగులు ముందే ఉందన్నమాట. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచేటప్పుడు కంటికి ఆనని పగుళ్లు పడే వీలుంది. పెళుసుదనం పోవడానికి మళ్లీ వేడి చేసినప్పుడు ఆ పగులు లోపలి గోడలు నల్లబడతాయి. వాడకంలో మెల్లగా పెరిగిన పగులుకు కూడా తుప్పు పడుతుంది కాబట్టి ఇదొక్కటే రుజువని అనలేం. కానీ కొని నెల తిరగని పానాలో నల్లటి మేర కనిపిస్తే గట్టిగా అడగొచ్చు.

రెండో గుర్తు వంపు. సరిగ్గా కాల్చి, చల్లార్చి గట్టిపరిచిన పానా మీద మోయలేనంత బలం పడితే ముందు వంగుతుంది, నోరు తెరుచుకుంటుంది, తెగడం ఆ తర్వాతి సంగతి. ఏ వంపూ లేకుండా గాజులా పటుక్కుమంటే ఉక్కు అతిగా గట్టిపడి పెళుసుబారిందేమోనని అనుమానించాలి.

మనకు ఎదురు తిరిగే గుర్తులూ ఉంటాయి. బోరు పైపు విప్పేటప్పుడు రెంచ్ పిడికి ఇనుప పైపు తొడిగి ఇద్దరు ముగ్గురు వేలాడటం మన దగ్గర రోజూ జరిగేదే. ఆ పైపు అంచు పిడి మీద గుండ్రటి గీత వదులుతుంది. పానాను సుత్తెతో కొడితే నొక్కులు పడతాయి. నట్టు తలకు తొడిగే మెరిసే క్రోమ్ వెనేడియం ఉక్కు సాకెట్‌ను, దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే ఇంపాక్ట్ గన్‌కు పెడితే చీలిపోతుంది, ఆ పనికి మందంగా నల్లగా ఉండే సాకెట్లు వేరే ఉన్నాయి. ఈ గుర్తులు మీ సామాను మీద ఉంటే తప్పు మనదే. అలాంటిది పట్టుకుని దుకాణానికి పోకండి. నిజమైన ఫిర్యాదుతో వెనకాల వచ్చేవాడి మాటకు విలువ పోతుంది.

3. వారంటీ దేనికి ఉంటుంది, దేనికి ఉండదు

అట్ట మీద, కంపెనీ వెబ్‌సైట్‌లో రాసింది చదవాలి. తపారియా, స్టాన్లీ, బాష్ ఏదైనా సరే, ఒక కంపెనీ మాట ఇంకో కంపెనీకి వర్తించదు. ఒకే కంపెనీలో కూడా పానాకు ఒక షరతు, కొలత టేపుకు ఇంకో షరతు ఉంటుంది.

సాధారణంగా వారంటీ తయారీలోపానికి, ఉక్కులోపానికి మాత్రమే. హాక్సా బ్లేడ్లు, డ్రిల్ బిట్లు, స్క్రూడ్రైవర్ బిట్లు అరిగిపోయే సామాను కింద లెక్క కాబట్టి వాటిని చాలావరకు మార్చరు. 'లైఫ్‌టైమ్' అన్న మాటతో జాగ్రత్త. అది కొన్నవాడి జీవితకాలం కాకపోవచ్చు. మామూలు వాడకంలో ఆ పనిముట్టు ఎన్నాళ్లు పనిచేయాలో అన్నాళ్లు అనే అర్థంలో చాలా కంపెనీలు వాడతాయి. పదేళ్లు వాడి పళ్లరిగిన పైపు రెంచ్‌ను ఆ మాట కాపాడదు.

అమెరికా మెకానిక్‌ల వీడియోలు చూసి కుర్రాళ్లు ఆశపడతారు. అక్కడ స్నాప్-ఆన్ లాంటి కంపెనీల వ్యాను గ్యారేజీ ముందుకే వస్తుంది, విరిగిన రాట్చెట్‌ను అక్కడికక్కడే చూస్తారు. మన షెడ్డు ముందుకు ఏ వ్యానూ రాదు. మనమే పోవాలి, కాగితంతో పోవాలి.

4. కాగితం సంపాదించండి

బిల్లు లేకపోతే సగం దారి మూసుకుపోయినట్టే. జీఎస్టీ ఉన్న దుకాణం 200 రూపాయలు, అంతకు మించిన అమ్మకానికి బిల్లు ఇవ్వాల్సిందే. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. "బిల్లయితే రేటు వేరే" అంటే కూడా అడిగి తీసుకోండి. బిల్లులో ఉత్త 'పానా 1' అని కాకుండా కంపెనీ పేరు, సైజు రాయించండి.

మెషిన్‌లో వచ్చే నున్నటి బిల్లు మీద అక్షరాలు ఎండకు, వేడికి చెరిగిపోతాయి. ఇంటికి రాగానే ఫోటో తీసి ఎవరికైనా వాట్సాప్ చేసి పెట్టుకోండి, ఫోన్ పోయినా అది దొరుకుతుంది. బిల్లు పోయినవాళ్లు ఫోన్‌పే, గూగుల్‌పేలో కట్టి ఉంటే ఆ చరిత్ర తీయండి. తేదీ, దుకాణం పేరు, మొత్తం అందులో ఉంటాయి. అవి చూపించి నకలు బిల్లు అడగొచ్చు. అట్ట కూడా పారేయకండి, దాని మీది సమాచారం తర్వాత పనికొస్తుంది.

5. కొన్న దుకాణానికి ముందు పోండి

వరంగల్ స్టేషన్ రోడ్డులో కొన్నా, హనుమకొండ చౌరస్తాలో కొన్నా మొదటి మెట్టు ఆ కౌంటరే. గిరాకీ తక్కువుండే మధ్యాహ్నం పూట పోండి. పదిమంది ముందు గొంతు పెంచితే ఏ సేటూ దిగిరాడు.

"సేటు, మొన్న మీ దగ్గర తీస్కపోయిన పానా ఇది. పైపు తొడగలే, సుత్తె పెట్టలే. ఇగో, విరిగిన కాడ లోపల నల్లగున్నది చూడు. కంపెనీకి పంపియ్యి" అంటే చాలు. 'మార్చి ఇయ్యి' అనకుండా 'కంపెనీకి పంపియ్యి' అనడంలో తేడా ఉంది. సేటు తన జేబులోంచి ఇవ్వాలని మీరు అడగడం లేదు, తనకు సరుకు వేసే కంపెనీ డీలర్‌కు చేర్చమని అడుగుతున్నారు. డీలర్ మనిషి ఆర్డర్ల కోసం వచ్చినప్పుడు దాన్ని తీసుకుపోతాడు.

ముక్కలు అప్పగిస్తే చీటీ రాయించుకోండి: తేదీ, వస్తువు, 'వారంటీ కోసం తీసుకున్నాం' అన్న ఒక్క ముక్క, దుకాణం ముద్ర. నేను ఒకసారి నోటిమాట మీద సాకెట్ ఇచ్చి వచ్చాను. నెల తర్వాత అడిగితే అది ఎవరి దగ్గరుందో ఆ దుకాణంలో ఎవరికీ తెలియలేదు. సాకెట్ పోయింది, అడిగే ఆధారమూ పోయింది.

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అనే బోర్డు చూసి వెనక్కి రాకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని అదే చట్టం చెబుతోంది.

6. దుకాణం కాదంటే కంపెనీకి రాయండి

ప్యాకెట్ మీద తయారీదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండాలన్నది తూనికలు కొలతల నిబంధన. అట్ట దాచమన్నది ఇందుకే. ఫోన్ చేయండి, కానీ దాంతో ఆగకండి. ఈమెయిల్ పెట్టండి, తెలుగులో రాయడం సులువైతే రాసి ఇంట్లో చదువుకున్న పిల్లలతో ఇంగ్లిష్ చేయించండి. ఇంత చాలు:

"ఫలానా తేదీన ఫలానా దుకాణంలో మీ 24-27 రింగు స్పానర్ కొన్నాను. ఫలానా తేదీన మామూలు వాడకంలో మూతి దగ్గర విరిగింది. పిడికి పైపు తొడగలేదు, వంపు లేదు. బిల్లు, ఫోటోలు జతచేశాను. వారంటీ కింద మార్చి ఇవ్వండి. ముక్కలు ఎక్కడికి పంపాలో తెలపండి."

వాళ్లు ఫిర్యాదు నంబరు ఇస్తారు, దాన్ని బిల్లు వెనక రాసుకోండి. ముక్కలు పంపమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. రానూపోనూ ఖర్చు ఎవరిదో ముందే అడగాలి. రెండు వందల స్క్రూడ్రైవర్‌కు నూట యాభై పోస్టు ఖర్చు పెట్టడం దండగ, దాన్ని వదిలేయడమే మేలు.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ముందు వాపసు గడువు చూసుకోండి. అది దాటితే ఆర్డర్ పేజీలో బిల్లు దించుకుని కంపెనీకి రాయండి. ఆ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసి పెడితే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉన్న మాట ఇది.

7. ఎవరూ పలకకపోతే 1915

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. బిల్లు, ఫోటోలు, ఫిర్యాదు నంబరు దగ్గర పెట్టుకుని చేయండి. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువు ఎక్కడ కొన్నా మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే వేసే వీలుంది. గడువు 2 ఏళ్లు. ఒక్క రెంచ్ కోసం ఇంతదూరం పొమ్మని నేననను. పదివేల సాకెట్ సెట్టుకైతే పోవాలి.

"నువ్వు దాంతో సంపాదించుకుంటున్నవ్, నువ్వు వినియోగదారుడివి కాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్న వస్తువు వ్యాపార అవసరం కింద రాదని చట్టంలోనే ఉంది. ఆటో మెకానిక్, ప్లంబర్, బోరు మిస్త్రీ అందరికీ ఇది వర్తిస్తుంది. ఈ ఒక్క మాట తెలియకే మన తమ్ముళ్లు కౌంటర్ దగ్గరే ఆగిపోతున్నారు.

8. కొత్తది చేతికొచ్చాక

సైజు సరిచూసుకోండి, మూతి లోపల వెలుగు పెట్టి సన్నటి గీతలున్నాయేమో చూడండి. మార్చి ఇచ్చినట్టు చీటీ రాయించుకోండి. ఈ కొత్తదాని వారంటీ పాత బిల్లు తేదీ నుంచా, ఈరోజు నుంచా అని అక్కడే అడగండి. పాత బిల్లు, కొత్త చీటీ రెండూ ఒకే కవర్లో పెట్టి సామాను డబ్బాలో కాకుండా ఇంట్లో బీరువాలో ఉంచండి. డబ్బాలో అయితే గ్రీజు అంటి ఒక్క అక్షరం మిగలదు.