చెన్నైలో ఫిష్ ట్యాంక్ పెడుతున్నారా? ఏ చేపతో ఏది కలుస్తుందో కొనకముందే చూసుకోవడం ఎలా

చెన్నైలో రంగు చేపలకి పేరున్న కొళత్తూరు షాపుల్లో ఏ రెండు చేపల్ని చూపించి కలిపి పెట్టొచ్చా అని అడిగినా "ఒన్నుం ఆగాదు సార్" (ఏమీ కాదు సార్) అనే అంటారు. నిజమే, అక్కడ ఏమీ కాదు, ఎందుకంటే అవన్నీ ఇంకా పిల్లలు, పైగా రెండు మూడు రోజుల్లో అమ్ముడైపోతాయి. గొడవంతా మనింటికొచ్చాకే. అందుకే లిస్ట్ ఇంట్లోనే రాసుకుని వెళ్ళండి.

ముందు మీ కుళాయి సంగతి తేల్చుకోండి

చాలామంది రంగు చూసి చేపని కొని తర్వాత నీళ్ళ గురించి ఆలోచిస్తారు, నన్నడిగితే అది తలకిందుల పని. బకెట్‌కీ షవర్‌కీ తెల్లగా ఉప్పు పేరుకుంటోందా? అయితే మీది హార్డ్ వాటర్, బోరు ఉన్న ఇళ్ళలో ఇది మామూలే. గప్పీ, ప్లాటీ, మోలీ, స్వోర్డ్‌టెయిల్ లాంటి గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనే చేపలకి ఆ నీళ్ళే ఇష్టం. నియాన్ టెట్రాలు అలా కాదు, వాటి సొంతూరు అమెజాన్ ప్రాంతం, అక్కడ నీళ్ళలో లవణాలు చాలా తక్కువ. అవే కావాలంటే ఆర్వో నీళ్ళు కలపాలి, నీళ్ళు మార్చిన ప్రతిసారీ అదే కొలతలో కలపాలి, అంత ఓపికుంటే సరే. అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ఉందిగా అంటారేమో, అది కాల్షియం తీసేసి ఆ చోట్లో సోడియం పెడుతుంది అంతే, టెట్రాకి ఒరిగేదేం లేదు. మెట్రో వాటర్ అయితే నీళ్ళలో క్లోరిన్ పోగొట్టే డీక్లోరినేటర్ తప్పనిసరి.

వేడి ఇంకో తలనొప్పి. మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంక్ నీళ్ళు 30 డిగ్రీలు దాటేస్తాయి. నియాన్‌కి 26 దాటితేనే కష్టం, గోల్డ్‌ఫిష్ అయితే అసలే చల్లనీళ్ళ చేప, దాన్ని గప్పీలతో కలిపి పెట్టడం నాకస్సలు నచ్చదు. టేబుల్ ఫ్యాన్ నీళ్ళ మీదకి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కాకపోతే నీళ్ళు త్వరగా ఆవిరైపోతాయి, చూసి పోస్తుండాలి.

తర్వాత నోరు, పెద్దయ్యాక సైజు

నోట్లో పట్టే చేపని ఇంకో చేప మింగేస్తుంది, ఇందులో మంచి చేప చెడ్డ చేప అని లేదు. ముద్దుగా కనపడే ఏంజెల్ పెరిగాక నియాన్లని తినేస్తుంది. షార్క్ అని అమ్మే వేలెడంత చేప చాలాసార్లు పంగాసియస్, అది మూడడుగులు దాటే రకం. గాజు తుడుస్తుందని తెచ్చుకునే సకర్ కూడా అడుగు పైనే పెరుగుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంక్‌లో పట్టేదే 56 లీటర్లు, ఇసుకా రాళ్ళూ పోను ఇంకా తక్కువ.

గుణం కూడా చూడండి

టైగర్ బార్బ్‌లు పొడుగు తోకలు కొరుకుతాయి, గప్పీల పక్కన వద్దు. మగ ఫైటర్ గప్పీ తోక చూసి ఇంకో ఫైటరే వచ్చిందనుకుని మీద పడొచ్చు. ఫ్లవర్‌హార్న్ ఒంటరి రాజు, దాన్ని వదిలేయండి. గుంపుగా బతికే కోరిడోరాస్ (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్), టెట్రాల్లాంటివి కనీసం ఆరు ఉండాలి, జత తెస్తే బెదిరిపోయి మూల నక్కుతాయి.

రెండడుగుల ట్యాంక్‌కి నేనైతే ఒక మగ, మూడు ఆడ ప్లాటీలు, అడుగున సన్నటి ఇసుక మీద ఆరు స్టెర్బాయ్ కోరిడోరాస్ (కోరీల్లో వేడి కాస్త తట్టుకునే రకం), పైన ఒక హనీ గౌరామి, అంతే. నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే కోరీలు వద్దు, ప్లాటీ గప్పీల దగ్గరే ఆగండి. పిల్లల బెడద వద్దనుకుంటే మగ గప్పీలే తెచ్చుకోండి, ఎలాగూ రంగులన్నీ వాటివే.

ఇక ట్యాంక్‌లోకి వదలడం

చేపలు లేకుండా ఫిల్టర్ తిప్పుతూ కొంచెం అమ్మోనియా వేస్తూ సైకిల్ చేయండి, అంటే చేపల వ్యర్థాల్ని విరిచే మంచి బ్యాక్టీరియాని ఫిల్టర్‌లో పెరగనివ్వండి, మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే చేపలు. ఒకేసారి అన్నీ కాదు, ముందు కోరీలు, వారం పది రోజులాగి ప్లాటీలు, గౌరామి ఆఖర్న, ముందే వస్తే ట్యాంకంతా నాదే అంటుంది. తర్వాత కొనేవాటిని ఇంకో చిన్న ట్యాంక్‌లో రెండు వారాలు విడిగా ఉంచండి. కవర్‌ని 20 నిమిషాలు నీళ్ళ మీద తేలనిచ్చి, మన నీళ్ళు కొద్దికొద్దిగా కవర్‌లో పోసి, చేపని వలతో వేయండి, షాపు నీళ్ళు మాత్రం సింక్‌లోకే.