పాత తలుపు చెక్కతో పీట చేయడం ఎలా?

వడ్రంగం సరదాగా నేర్చుకునేవాళ్లు ముందు పుస్తకాల షెల్ఫ్ మీద పడతారు. నా ఓటు మాత్రం పీటకే. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని చేసుకోవచ్చు, ఇంట్లో పూజకో భోజనానికో రోజూ వాడుకోవచ్చు. పైగా చెక్క పనిలోని అసలు కిటుకులు అందులోనే ఉన్నాయి. అంచుకు అంచు కలపడం ఒకటి. రెండోది, వానకూ ఎండకూ చెక్క మారుతుందని ముందే లెక్కేసి బిగించడం. ఆ రెండోది వదిలేస్తే శ్రావణంలో చేసిన పీట మే నెలకల్లా నిలువునా చీలుతుంది.

ఇక్కడ చేస్తున్నది 15 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉండే పీట. పైన మూడు చెక్కలు అతికించిన పలక, కింద రెండు అడ్డకర్రలు. అంతే.

చెక్క

గోషామహల్ టింబర్ డిపోల్లో కొత్త టేకు దొరుకుతుంది కానీ, ఒక్క పీటకు అంత ఖర్చు దండగ. హైదరాబాద్‌లో పాత ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతూనే ఉన్నారు. ఆ ఇళ్ల తలుపులు, ద్వారబంధాలు పాత సామాను అమ్మేవాళ్ల దగ్గరికి చేరతాయి. దశాబ్దాలుగా ఆరిన కర్ర కాబట్టి ఇక కొత్తగా మెలి తిరిగేది తక్కువ.

అమ్మేవాడు ప్రతి తలుపునూ బర్మా టేకే అంటాడు. ఆ మాట వదిలేసి కోసిన చివర చూడండి. టేకుకు వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి, గోటితో గీకితే కాస్త జిడ్డుగా, తోలు వాసనతో ఉంటుంది. ముదురు బంగారు రంగులో ఉన్నది చేవ. అంచున తెల్లగా ఉన్న భాగంలో చేవ ఉండదు, పురుగు పట్టేది దానికే. ఆ తెల్లభాగాన్ని కోసి పారేయాల్సిందే కాబట్టి వెడల్పు లెక్కలో కలపకండి. ఒకటింపావు అంగుళం మందం, నాలుగున్నర అంగుళాల వెడల్పు ఉన్న చెక్క ఐదడుగులు దొరికితే పలకకు సరిపోను ఇంకా మిగులుతుంది. అడ్డకర్రలకు ఒకటిన్నర అంగుళాల చదరపు ముక్క రెండడుగులు చాలు.

ఇంటికి తెచ్చాక మొదటి పని మేకుల వేట. ఒక అయస్కాంతాన్ని చెక్క మీద అంగుళం అంగుళం జరపండి. తల విరిగి లోపలే ఉండిపోయిన మేకు ఒక్కటి తగిలినా రంపం పళ్లు పోతాయి.

రెండోది పెయింట్. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండవచ్చు, అందుకే పాత రంగును పొడిగా శాండ్ పేపర్‌తో అస్సలు రుద్దకండి. ఆ దుమ్ము పిల్లలకు చాలా ప్రమాదం. పెయింట్ రిమూవర్ రాసి, మెత్తబడ్డాక గీకి తీయండి. గీకిన చెత్తను కాగితంలో చుట్టి పడేసి, నేలను తడిగుడ్డతో తుడవండి. ఈ పని చేస్తున్నంతసేపూ ఎన్95 మాస్క్, గ్లవ్స్ ఉండాలి. పొరలు పొరలుగా రంగు ఉన్న తలుపైతే నేనైతే కొనను, పాలిష్ వేసినది వెతుక్కుంటాను.

పనిముట్లు, పదును

ఒక రంపం, ఒక చిత్రిక (షాపులో రందా అంటారు), పావు అంగుళం ఉలి, ఒక అంగుళం ఉలి, మూలమట్టం, డ్రిల్, నాలుగు ఎఫ్ క్లాంపులు (చెక్కల్ని కదలకుండా బిగించి పట్టేవి). అన్నీ రాణిగంజ్‌లోనో బేగంబజార్‌లోనో ఒక్క మధ్యాహ్నంలో దొరుకుతాయి. బల్ల కొనాల్సిన పని లేదు. బరువైన పాత టేబుల్‌కు క్లాంపులు పట్టిస్తే చాలు.

కొత్త ఉలి, కొత్త చిత్రిక బ్లేడు షాపు నుంచి పదునుగా వస్తాయనుకోకండి. ఒక మందపాటి గాజు పలక మీద వాటర్ పేపర్ (తడిపి వాడే శాండ్ పేపర్) అంటించి, 400, 800, 1500, 2000 నంబర్లలో వరసగా రుద్దాలి. ముందు బ్లేడు వీపు, మొన దగ్గర ఒక అంగుళం మేర, అద్దంలా అయ్యేదాకా. తర్వాత వాలు వైపు, దాదాపు 30 డిగ్రీల కోణంలో. ముంజేతి మీద వెంట్రుకలు తెగితే పదును వచ్చినట్టు. టేకులో సిలికా ఉంటుంది, అది మొనను త్వరగా అరగదీస్తుంది. పని మధ్యలో రెండు మూడుసార్లు మళ్లీ నూరుకోవాల్సి వస్తుంది. బలం పెట్టి తోయాల్సి వస్తోందంటే ఆపి నూరండి. చేతులు తెగేది మొద్దు ఉలితోనే.

అంచులు కలపడం

చెక్కను 15 అంగుళాలకు ఒక పావు అంగుళం ఎక్కువగా మూడు ముక్కలు కోయండి. ఒక్కో ముక్క ఒక వైపు చదును చేయాలి. మెలి ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు తిన్నని పట్టీలు తీసుకుని చెక్క రెండు చివర్లా అడ్డంగా పెట్టి, కన్ను ఆ ఎత్తుకు తెచ్చి చూడండి. పట్టీల పైఅంచులు సమాంతరంగా కనిపించకపోతే ఎత్తుగా ఉన్న మూలల్ని చిత్రిక పట్టండి.

ఇక అంచులు. అంచును కచ్చితంగా 90 డిగ్రీలకు చిత్రిక పట్టడం కొత్తవాళ్లకే కాదు, చేయి తిరిగినవాళ్లకూ కష్టమే. దానికో దారి ఉంది. కలవాల్సిన రెండు ముక్కల్ని పుస్తకం మూసినట్టు ముఖానికి ముఖం ఆనించి, రెండు అంచులూ పైకి వచ్చేలా క్లాంపులతో బిగించి, రెంటినీ ఒకేసారి చిత్రిక పట్టండి. మీ చిత్రిక ఒకవైపు రెండు డిగ్రీలు వాలినా, పుస్తకం తెరిచినప్పుడు ఒకదాని వాలు రెండోదాని వాలును సరిచేసేస్తుంది. పలక చదునుగానే వస్తుంది. తర్వాత ఒక ముక్క మీద రెండోది నిలబెట్టి, వెనక లైటు పెట్టి చూడండి. మధ్యలో కాగితమంత సందు కనిపిస్తే మంచిదే, క్లాంపు దాన్ని మూసేస్తుంది. చివర్లలో వెలుతురు కనిపించకూడదు.

టేకు జిడ్డు వల్ల జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు అంచుల్ని అసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే జిగురు రాయండి. పీట తడి తగిలే వస్తువు కాబట్టి మామూలు ఫెవికాల్ కన్నా మెరైన్ రకం వాడండి. రెండు క్లాంపులు కింద నుంచి, ఒకటి మధ్యలో పై నుంచి వేస్తే పలక విల్లులా వంగదు. బయటికి పొంగిన జిగురును తడిగుడ్డతో తుడవాలని చేయి లాగుతుంది, ఆగండి. తుడిస్తే అది చెక్క రంధ్రాల్లోకి పోయి, పాలిష్ వేశాక తెల్లమచ్చలుగా తేలుతుంది. అరగంటాగి రబ్బరులా అయ్యాక ఉలితో గీకితే తేలిగ్గా వస్తుంది. మర్నాటి దాకా క్లాంపులు తీయకండి.

తర్వాత పలకను ముందు ఐమూలగా, ఆపైన పొడవునా చిత్రిక పట్టి చదును చేసి, చివర్లు సమంగా కోయండి. చెక్క లేచిపోతుంటే తోసే దిక్కు మార్చండి.

అడ్డకర్రలు

పీటలు చీలేది ఇక్కడే. చెక్క పొడవునా దాదాపు మారదు, వెడల్పులో మారుతుంది. మన ఊళ్లో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి పొడిగా ఉంటుంది, ఆగస్టుకు తేమతో నిండిపోతుంది. 12 అంగుళాల టేకు పలక ఆ తేడాకు రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగి తగ్గగలదు. దాని కింద అడ్డంగా పెట్టిన కర్ర పొడవు మాత్రం మారదు. రెంటినీ జిగురుతో, మేకులతో కదలకుండా బిగిస్తే ఏదో ఒకటి విరగాలి.

అందుకని అడ్డకర్రకు జిగురు వద్దు. 11 అంగుళాల కర్రలు రెండు కోసి, ఒక్కోదానికి మూడు స్క్రూలు వేయండి. ముందు కింది వైపు నుంచి ముప్పావు అంగుళం లోతు, 12 మిల్లీమీటర్ల వెడల్పున గుంటలు తొలవండి. స్క్రూ తల, వాషర్ అందులో కూర్చుంటాయి. మధ్య గుంటలో 5 మిల్లీమీటర్ల గుండ్రటి బెజ్జం. అటూ ఇటూ గుంటల్లో మాత్రం కర్ర పొడవు దిక్కున పక్కపక్కనే బెజ్జాలు వేసి, సన్న ఉలితో కలిపి, కోలగా చేయండి. వాషర్ జరగడానికి ఆ 12 మిల్లీమీటర్ల గుంటను కూడా అదే దిక్కున కాస్త పొడిగించాలి. పలక మధ్యలో నిలిచి ఉంటుంది, అంచులు ఆ కోల బెజ్జాల్లో జరుగుతాయి.

ఒకటిన్నర అంగుళం, 8 నంబరు స్క్రూలు సరిపోతాయి. పలకలో ముందుగా 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి. డ్రిల్ బిట్ చుట్టూ టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, లేదంటే పీట పైనుంచి బయటికొస్తుంది. ఇత్తడి స్క్రూలైతే తడికి తుప్పు పట్టవు కానీ మెత్తన, తల తెగిపోతుంది. ముందు అదే సైజు ఉక్కు స్క్రూ ఒకసారి తిప్పి తీసి, కొవ్వొత్తి మైనం రాసి ఇత్తడిది ఎక్కించండి. కోల బెజ్జాల్లోని రెండు స్క్రూల్ని ఆనేదాకా బిగించి ఆపాలి.

పాలిష్

120, 180, 240 నంబర్ల శాండ్ పేపర్ వరసగా, చెక్క గీతల వెంట. టేకు పొట్టు కొందరికి దురద పుట్టిస్తుంది, ఊపిరితిత్తులకూ మంచిది కాదు, కాబట్టి మాస్క్ మళ్లీ పెట్టుకోండి. కింది ఫ్లోర్ వాళ్ల బట్టలు ఆరేసి ఉన్నాయేమో కూడా చూసుకోండి. మూలలు, అంచులు కొద్దిగా గుండ్రం చేయండి.

చపడా (లక్క) పాలిష్ అందంగా ఉంటుంది కానీ తడికి, వేడికి తెల్లబడుతుంది. కొబ్బరినూనె ఎప్పటికీ ఎండదు, జిడ్డుగా మారి దుమ్ము పడుతుంది. పీటకు బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ (త్వరగా ఆరేలా చేసిన అవిసె నూనె) సరైనది. పలచగా రాసి, పావుగంటాగి మిగిలింది పూర్తిగా తుడిచేయండి. రోజు విడిచి రోజు మూడు పూతలు, కింది వైపు కూడా అన్నే పూతలు. ఒక వైపే రాస్తే తేమ రెండో వైపు నుంచి ఎక్కి పలక వంగుతుంది. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ దానంతటదే అంటుకోగలదు. నీళ్లలో తడిపి, విప్పి, బయట ఆరేసి ఆ తర్వాత పారేయండి. చివరి పూత తర్వాత వారం ఆగితే పీట మీద కూర్చోవచ్చు. వానాకాలంలో చేస్తే ఇంకో వారం పడుతుంది.