మలేరియా ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకూ ఈ వానాకాలం జాగ్రత్తే

“మాకు మలేరియా వచ్చి పోయింది, మళ్లీ రాదులే” అనే ధీమా మీకుంటే వానలు పడకముందే వదిలేయండి. ఆటలమ్మ విషయంలో ఆ మాట చాలావరకు నిజం. మలేరియాకు పనికిరాదు.

దోమ కుట్టిన కాసేపటికే ఈ పరాన్నజీవి కాలేయంలో దూరి, వారం పది రోజులు చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. ఆ తర్వాత ఎర్ర రక్తకణాల్లోకి చేరుతుంది. మిగతా కణాలు లోపల శత్రువు ఉంటే దాని ఆనవాళ్లను పైకి చూపించి రక్షణ కణాలను పిలుస్తాయి. ఎర్ర కణానికి ఆ ఏర్పాటు లేదు. మలేరియా పరాన్నజీవుల్లో ఫాల్సిపారం రకమైతే మరీ గడుసుది. తానున్న రక్తకణం పైన ఒక ప్రోటీన్‌ను మొలిపిస్తుంది. దాంతో ఆ కణం రక్తనాళం గోడకు అతుక్కుని, పాడైన రక్తకణాలను ఏరేసే ప్లీహం వడపోతకు చిక్కదు. మన యాంటీబాడీలు ఆ ప్రోటీన్‌ను పోల్చుకునేసరికి వేషం మార్చేస్తుంది. అందుకు దాని దగ్గర 60 దాకా జన్యువులున్నాయి! పైగా, హిమోగ్లోబిన్ తిని అది వదిలే ముదురు రంగు పదార్థాన్ని మింగిన రక్షణ కణాలు మందగిస్తాయి. మలేరియాతో నీరసించిన పిల్లల రక్తంలోకి సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా చేరే ప్రమాదం పెరగడానికి ఇదీ ఒక కారణం. పదేపదే సోకితే కొంత రక్షణ వస్తుంది గానీ, మలేరియా లేని చోట కొన్నేళ్లుంటే అదీ తరిగిపోతుంది.

కాబట్టి ఒంటి మీద భారం వేయకుండా దోమనే దూరం పెట్టాలి. మలేరియాను మోసే ఎనాఫిలిస్ దోమ ఎక్కువగా సందె వేళ నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. మందు పట్టించిన దోమతెర అంచుల్ని పరుపు కిందికి దోపండి, చిరుగులుంటే ఇప్పుడే కుట్టండి. నిల్వ నీళ్లు వారానికోసారి పారబోయండి.

జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు మింగొద్దు. పరీక్షలో ఏమీ లేదన్నా జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించండి, మొదట్లో క్రిములు కనిపించనంత తక్కువగా ఉండొచ్చు. వైవాక్స్ అనే రకమని తేలితే ఇంకో మెలిక ఉంది: అది కాలేయంలో నిద్రపోయి వారాలు, నెలల తర్వాత లేవొచ్చు. అందుకే ఆ నిద్రపోయేవాటిని చంపే ప్రైమాక్విన్ మందును డాక్టరు రాస్తే, జ్వరం పోయిందని మధ్యలో ఆపకండి. అది మొదలుపెట్టే ముందు జీ6పీడీ పరీక్ష గురించి అడగండి, ఆ ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్లలో ఈ మందు ఎర్ర కణాలను పగలగొడుతుంది. గర్భిణులు ఆ మందు వాడకూడదు.

మత్తు, ఫిట్స్, ఆయాసం, నల్లటి మూత్రం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మలేరియా తగ్గిన పిల్లవాడికి కొద్ది రోజుల్లో మళ్లీ జ్వరమొస్తే, పాతదే తిరగబెట్టిందని మీరే తేల్చేసుకోకండి, వేరే ఇన్‌ఫెక్షన్ కూడా అయి ఉండొచ్చు.