డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో చీకటిని లెక్కలోకి తీసుకోవడం ఎలా?

ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేసి కథ నడిపే ఆట ఇది. కడపలో మా మిద్దె మీద ఆట మొదలైందంటే ఈ మాట ఒక్కసారైనా వినపడాల్సిందే: "అన్నా, చీకటే కదా, నన్నెవరు చూస్తారు?" అక్కణ్నుంచి అరగంట వాదన. డంజన్ మాస్టర్‌గా (కథ నడిపి, నియమాలు తేల్చేవాడిగా) కూర్చున్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, దీపం ఎవరి చేతిలో ఉందో, చూసేవాడి కళ్లు ఎలాంటివో తేలేదాకా స్టెల్త్ పాచిక (ఎవరికంటా పడకుండా ఉండటానికి వేసేది) వేయించకూడదు. మేము ఆడేది 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలతో. కింద చెప్పే అంకెలన్నీ అందులోవే.

ముందు మ్యాపు మీద వెలుతురు గీయండి. మా కథ గండికోటను చూసి గీసుకున్న కోటలో నడుస్తోంది. పెన్నా లోయ అంచు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి, అన్నీ గళ్ల కాగితం మీద ఉంటాయి. ఒక్కో గడి 5 అడుగులు. కాగడా చుట్టూ 20 అడుగులు మంచి వెలుతురు, ఆపైన ఇంకో 20 అడుగులు మసక. అంటే నాలుగు గళ్లు పసుపు పెన్సిల్‌తో దిద్దండి, తర్వాతి నాలుగింటికి అడ్డగీతలు కొట్టండి. మిగతాదంతా చీకటి. కొవ్వొత్తికి ఒక గడి వెలుతురు, ఒక గడి మసక. మూత ఉన్న లాంతరుకు ఆరు, ఆరు. దాని మూత దించితే 5 అడుగుల మసక మాత్రమే మిగులుతుంది కాబట్టి దొంగ పాత్రకు దాన్నే కొనిపెట్టమంటాను. ఆరుబయట రాత్రంటే చీకటే, నిండు పున్నమి అయితే మసక.

తర్వాత చూసేవాడి సంగతి. చీకట్లో మనిషి గుడ్డివాడితో సమానం. మసకలో కనపడుతుంది గానీ పోల్చుకోవడం కష్టం. అందుకే కాపలావాడి పాసివ్ పర్సెప్షన్‌లోంచి (పాచిక వేయకుండానే ఎంత గమనిస్తాడో చెప్పే అంకె) 5 తీసేయాలి. 12 ఉన్నవాడికి మసకలో 7 మిగులుతుంది. దొంగ స్టెల్త్ పాచిక ఆ 7ను దాటితే చాలు.

అందరూ తప్పుపోయేది డార్క్‌విజన్ దగ్గర, అంటే కొన్ని జాతుల పాత్రలకు చీకట్లోనూ కనపడే చూపు దగ్గర. ఎల్ఫ్‌కో గాబ్లిన్‌కో చీకట్లో అంతా పట్టపగలులా కనపడుతుందని అనుకుంటారు. అలా కాదు. 60 అడుగుల లోపల చీకటి వాళ్లకు మసకలా ఉంటుంది, రంగులు తెలియవు. కాబట్టి ఆ 5 వాళ్లకూ పోతుంది. పాసివ్ 9 ఉన్న గాబ్లిన్‌కు కటిక చీకట్లో 4 అవుతుంది! అయితే మసకగా ఉన్నంత మాత్రాన నడిబయట నిలబడి దాక్కున్నానంటే కుదరదు. స్తంభమో గోడో ఏదో ఒక అడ్డు ఉండాలి. తర్వాత 2024లో వచ్చిన నియమాల్లో అయితే దాక్కోవడానికి ముందు పాచిక కనీసం 15 రావాలని కూడా పెట్టారు.

ఇక దీపం పట్టుకున్నవాడు. రాత్రి కరెంటుకు మోటారు వేయడానికి చేనికి పోయినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. చేతిలో బ్యాటరీ లైటు ఉంటే దాని వెలుగు పడినంత మేరే మనకు కనపడుతుంది. రెండు చేల అవతల గట్టు మీద ఉన్నవాడికి మాత్రం మనం ఎటు పోతున్నామో ఇట్టే తెలిసిపోతుంది. ఆటలోనూ అంతే. జట్టులో ఒక్క మనిషి పాత్ర కాగడా వెలిగించినా మిగతావాళ్ల చీకటి పోయినట్టే. మా బల్ల దగ్గర నేను పెట్టుకున్న పద్ధతి ఇది: అడ్డు లేనిచోట కాగడా పట్టుకున్నవాడికి స్టెల్త్ పాచికే ఇవ్వను. దాక్కోవాలంటే ఆర్పమంటాను, లేదా జట్టు వెనక 60 అడుగుల దూరంలో ఉండమంటాను.

చప్పుడును మరిచిపోవద్దు. కనపడకపోవడం వేరు, దాక్కోవడం వేరు. ఎంత చీకటైనా ఇనుప కవచం గలగలలాడితే ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

చివరిగా, కాగడా గంటసేపే మండుతుంది. దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి, ఆటగాళ్లకు కనపడేలా. మొన్న మా దొంగ పాత్ర ధాన్యాగారం గోడ వెనక కదలకుండా కూర్చుంది. ఏం చేస్తావని ఎన్నిసార్లు అడిగినా "ఇంకా ఎంతసేపన్నా?" అనే అడిగాడు ఆ పాత్ర ఆడే పిల్లాడు. కాపలావాడి కాగడా కొడిగట్టింది. వాడు కొత్తది వెలిగించుకునే లోపలే మా దొంగ గోడ దాటేసింది.