సీజన్ అంచున బయల్దేరండి: గుంటూరు నుంచి తక్కువ ఖర్చుతో ఊళ్లు చూడటం ఎలా

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తాను. జనవరి చివరి నుంచి మే దాకా మాకు ఊపిరి సలపదు. లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి సరుకు దిగే రోజుల్లో సెలవు అడగడానికి నోరు రాదు. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు గానీ, సరిగ్గా అప్పుడే ఊటీలో, కొడైకెనాల్‌లో, తిరుమలలో కాలు పెట్టే సందు ఉండదు. గదుల రేట్లు వింటేనే టెన్షన్ వస్తుంది. అందుకని మా ఇంటి ప్రయాణాలు ఎక్కువగా జూలై నుంచి అక్టోబర్ లోపు, కోల్డ్ స్టోరేజీ సరుకు తప్ప యార్డుకు పెద్దగా ఏమీ రాని రోజుల్లో పెట్టుకుంటాం. నాలాంటి జీతగాడు ఇంటిల్లిపాదినీ తీసుకుని నాలుగు ఊళ్లు చూడగలిగాడంటే అది ఈ పద్ధతి వల్లే. మీరూ చూడాలని రాస్తున్నాను.

యార్డులో సరుకు ఎక్కువ దిగితే రేటు పడుతుంది. టూరిస్టు ఊళ్లో లెక్క తిరగబడుతుంది: దిగే జనం పెరిగేకొద్దీ గది రేటు ఎక్కుతుంది. గోవాలో డిసెంబర్ చివరి వారానికి 4,500 చెప్పిన గదినే అదే మేనేజరు సెప్టెంబర్‌లో 1,700కి ఇచ్చాడు.

అన్‌సీజన్ అనగానే మే ఎండలో జైపూర్, జూలై కుండపోతలో మున్నార్ గుర్తొస్తాయి. అంత కష్టపడక్కర్లేదు. చాలా ఊళ్లకు సీజన్ మొదలయ్యే ముందు రెండు మూడు వారాలు, ముగిసిన వెంటనే రెండు మూడు వారాలు మంచి రోజులు ఉంటాయి. వాతావరణం అప్పటికే కుదుటపడి ఉంటుంది, లేదా ఇంకా చెడి ఉండదు. రేట్లు మాత్రం అన్‌సీజన్‌వే. ఆ అంచును పట్టుకోవడమే అసలు పని. అందుకోసం నేను మూడు పక్కపక్కన పెట్టి చూస్తాను: బడి సెలవులు, పంచాంగం, వానలు.

బడి సెలవుల సంగతి ముందు. మన బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. కేరళ, కర్ణాటక పిల్లలు అంతకంటే ముందే, జూన్ ఒకటి అటూ ఇటూగా బడికి వెళ్లిపోతారు. అంటే జూన్ మొదటి పది రోజులు మన పిల్లలకు సెలవులే, అక్కడి కుటుంబాలు మాత్రం ఇళ్లకు చేరిపోయి ఉంటాయి. బడి పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి సందు దొరకదు. నైరుతి రుతుపవనాలు కేరళను తాకే మామూలు తేదీ జూన్ 1 కాబట్టి, ఆ వారంలో కేరళ వైపు కాకుండా మైసూరు, కొడగు వైపు చూసుకోండి. వాన మొదలైనా మామూలుగా తొలి జల్లులే ఉంటాయి. కాఫీ తోటల్లో జలగలుంటాయి, ఒక ఉప్పు పొట్లం, పొడవాటి సాక్సులు పెట్టుకోండి.

ఇంట్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలు లేకపోతే ఫిబ్రవరి కూడా బంగారమే. పరీక్షల భయంతో ఊళ్లన్నీ ఇంట్లోనే కూర్చుంటాయి. ఊటీలో అప్పుడు చలి గట్టిగానే ఉంటుంది గానీ ఆకాశం తేటగా ఉంటుంది. సొంత కారులో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

ఇక పంచాంగం. ప్రయాణాల విషయంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, మన దగ్గర ఖర్చును బాగా కదిలించేది ఇదే. ముహూర్తాలున్న వారంలో గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఇన్నోవా అద్దెకు దొరకడం గగనం. అదే ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, బళ్లు షెడ్లలోనే ఉంటాయి. అప్పుడు బేరం ఎలా ఆడాలంటే, కిలోమీటరు రేటు తగ్గించమని పట్టుబట్టకండి, యజమాని ఒప్పుకోడు. రోజుకు కనీసం 300 కిలోమీటర్లకు డబ్బు కట్టాలనే షరతు ఉంటుంది చూడండి, దాన్ని 200కి దించమనండి. అరకు లాంటి చోట ఒకసారి చేరాక రోజుకు వంద కూడా తిరగం. మిగిలేది అక్కడే. డ్రైవర్ బత్తాలో మాత్రం కోత పెట్టకండి. రాత్రిళ్లు మన కోసం మేలుకునే మనిషి అతను.

నేను ఏడాదంతా ఎదురుచూసేది మహాలయ పక్షాల కోసం. భాద్రపద పౌర్ణమి దాటాక అమావాస్య దాకా ఉండే ఆ పదిహేను రోజులు. వినాయక చవితి అయిపోయి ఉంటుంది, దసరా ఇంకా మొదలు కాదు. శుభకార్యాలుండవు. వానలు వెనక్కి తగ్గుతుంటాయి, ఏ కొండ చూసినా పచ్చగా ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి. 'పక్షాల్లో ప్రయాణమేమిట్రా' అని అమ్మ మొదట్లో అనేది. అందుకే నాన్నగారి తిథి చూసుకుని, ఆ కార్యక్రమం అయ్యాకే బయల్దేరతాం. ఆ పదిహేను రోజుల్లో గయకు మాత్రం సరదాగా వెళ్లకండి. దేశం నలుమూలల నుంచి పిండాలు పెట్టడానికి జనం అక్కడికే వస్తారు.

అయ్యప్ప దీక్షలు మరో లెక్క. నవంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా మన వైపు నుంచి కేరళ వెళ్లే రైళ్లు మాలధారులతో నిండిపోతాయి. అలెప్పీ పడవ ఇల్లు, మున్నార్ మనసులో ఉంటే ఆ రెండు నెలలు వదిలేసి సెప్టెంబర్ చివర గానీ, అక్టోబర్ మొదట్లో గానీ వెళ్లండి. ఓణం తేదీ ఒక్కటి చూసుకోండి, ఆ వారం అక్కడ అన్నీ నిండుతాయి.

కాశీ వెళ్లే పెద్దవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్పాలి. మనం తెలుగు క్యాలెండర్ చూసి 'శ్రావణం ఇంకా రాలేదు, రద్దీ ఉండదు' అనుకుంటాం. ఉత్తరాదిన నెలలు పౌర్ణమి మర్నాటి నుంచి లెక్కిస్తారు కాబట్టి వాళ్ల శ్రావణం మనకంటే పదిహేను రోజుల ముందే మొదలవుతుంది. మనకు ఆషాఢ బహుళం నడుస్తుండగానే విశ్వనాథుడి గుడి ముందు కావడి యాత్రికుల వరుసలు ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో గంగ పొంగితే మెట్లు మునిగి పడవలు ఆపేస్తారు. కార్తీకంలో మన తెలుగువాళ్లే వేలల్లో ఉంటారు. డిసెంబర్ చివరి నుంచి జనవరి దాకా పొగమంచుతో రైళ్లు గంటల తరబడి ఆలస్యం. కాబట్టి మంచు తగ్గి శివరాత్రి ఇంకా రాని రోజులు చూడండి. అమ్మను అలాంటి రోజుల్లోనే తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి, ఎవరి తోపులాటా లేకుండా ఘాట్ మెట్ల మీద ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చుంది. విజయవాడ మీదుగా వెళ్లే సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్‌లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ స్టేషన్‌లో, అంటే పాత మొగల్‌సరాయ్‌లో దిగితే అక్కడి నుంచి కాశీ దగ్గరే.

కేదార్‌నాథ్, బదరీకి మే, జూన్‌లలో జనం విరగబడతారు. జూలై, ఆగస్టులలో కొండచరియలు విరిగిపడతాయి. సెప్టెంబర్ ద్వితీయార్ధం నుంచి అక్టోబర్ లోపు వెళ్లిరండి. దీపావళి దాటగానే కేదార్‌నాథ్ గుడి తలుపులు మూస్తారు.

తిరుమలలో దేవస్థానం గదులకు సీజన్ రేటు ఉండదు. అక్కడ మిగిలేది సమయం. బడులు తెరిచాక, జూలై నుంచి బ్రహ్మోత్సవాల ముందు దాకా వారం మధ్య రోజులు చూసుకోండి. 300 రూపాయల దర్శనం టికెట్లు సుమారు మూడు నెలల ముందే విడుదలవుతాయి.

మూడోది వానలు. ఇక్కడ డబ్బు కంటే ప్రాణం ముఖ్యం. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండ విరిగి ఊళ్లే కొట్టుకుపోయాయి. 2019 సెప్టెంబర్ 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. చవగ్గా వస్తోందని జూలై, ఆగస్టులలో కొండ వాలు మీదున్న రిసార్టులు తీసుకోకండి. పాపికొండలు నవంబర్ తర్వాతే చూడండి, ఖర్చు తగ్గాలంటే ఆదివారం వదిలి వారం మధ్యలో వెళ్లండి. అరకుకు సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో జలపాతాలు నిండుగా ఉంటాయి, కార్తీక మాసపు రద్దీ ఇంకా ఉండదు. అయితే అక్టోబర్ మనకు తుపాన్ల నెల కూడా. 2014లో విశాఖను హుద్‌హుద్ తాకింది అక్టోబర్ 12నే. బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి, బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే తేదీ మార్చుకోండి.

అన్‌సీజన్ అంటే జనం తక్కువని అర్థం. అసలు మూసేసి ఉన్నచోటికి వెళ్తే డబ్బంతా దండగ. కన్హా, బాంధవ్‌గఢ్ పులుల అడవులు జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూసి ఉంటాయి. మున్నార్ దగ్గర ఎరవికులం జాతీయ పార్కును వరయాడులు, అంటే అక్కడి కొండమేకలు, ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చిలలో మూసేస్తారు. మీరు ఏ ఒక్కటి చూడాలని వెళ్తున్నారో అది తెరిచి ఉందా లేదా ముందు కనుక్కుని, ఆ తర్వాతే గది సంగతి ఆలోచించండి.

గుంటూరు వాళ్లకు నేను మనస్ఫూర్తిగా చెప్పే ప్రయాణం అమరావతి ఎక్స్‌ప్రెస్. షాలిమార్ నుంచి వాస్కో డ గామా వెళ్లే ఈ బండి విజయవాడ, గుంటూరు మీదుగానే పోతుంది. రోజూ ఉండదు, వారంలో ఏ రోజులో చూసుకోండి. ఒకే దారిలో హంపి, గోవా రెండూ వస్తాయి. మహాలయ పక్షాల్లో గుంటూరులో ఎక్కి హోస్పేటలో దిగండి. హంపి అక్కడికి పదమూడు కిలోమీటర్ల లోపే. చలికాలంలో రాతి రథం ముందు ఫొటోకు వరుసలో నిలబడాలి. సెప్టెంబర్‌లో ఉదయాన్నే వెళితే విఠలాలయం ఆవరణలో మీరు, కాపలావాళ్లు తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. తుంగభద్ర నిండుగా ఉంటుంది. డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే పుట్టి ప్రయాణాలు ఆపేస్తారు, వద్దన్నచోట ఎక్కకండి.

హంపి చూసుకుని మళ్లీ అదే బండి ఎక్కితే క్యాజిల్ రాక్ స్టేషన్ దాటాక పశ్చిమ కనుమల్లోకి దిగుతుంది. సొరంగాలు, లోయలు, ఆ తర్వాత పట్టాల పక్కనే దూద్‌సాగర్. వేసవిలో సన్నని ధారగా ఉండే జలపాతం అప్పుడు కొండంతా పాలు పోసినట్టు ఉరుకుతుంది. పట్టాల మీద దిగి నడవడం నిషేధం, కిటికీలోంచి చూస్తేనే కళ్లు నిండుతాయి. స్లీపర్ టికెట్‌లో వచ్చే ఈ దృశ్యం కోసమైనా మా పిల్లలు మళ్లీ వెళ్దామంటారు. గోవాలో సెప్టెంబర్ చివరికి వానలు తెరిపిస్తాయి గానీ సముద్రం ఇంకా మొరటుగానే ఉంటుంది, బీచ్ మీద పాకల హోటళ్లు ఇంకా వేసి ఉండరు. ఎర్ర జెండా ఉన్నచోట నీళ్లలో దిగకండి. పాత గోవా చర్చిలు, పొండా దగ్గర మంగేశి గుడి, పణజి వీధులు తీరిగ్గా చూడండి.

రైలు టికెట్ల సంగతి. మామూలు ఎక్స్‌ప్రెస్‌లలో చార్జీ సీజన్‌ను బట్టి మారదు. మిగిలేది ఎక్కడంటే, కన్ఫర్మ్ బెర్త్ తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి తత్కాల్ అదనపు చార్జీ, పండగ స్పెషల్ రైళ్ల ఎక్కువ చార్జీ, ప్రైవేటు బస్సుల బాదుడు తప్పుతాయి. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాత 120 రోజుల లెక్క వదిలేయండి. శుక్రవారం రాత్రి వెళ్లి ఆదివారం రాత్రి తిరిగొచ్చే ప్లాన్ వేస్తే ఏ నెలైనా సీజనే. ఆదివారం సాయంత్రం బయల్దేరి గురువారానికి ఇల్లు చేరండి.

గది కోసం ముందు యాప్‌లో రేటు చూసి, తర్వాత నేరుగా హోటల్‌కే ఫోన్ చేయండి. యాప్‌కు వాళ్లు కమీషన్ కడతారు. కమీషన్ దుకాణంలో పనిచేసేవాణ్ణి, అందులో మనకు వదలగలిగింది ఉంటుందని నాకు తెలుసు. 'అన్నా, మంగళవారం నుంచి రెండు రాత్రులు, నలుగురం, రేటు ఎంత వేస్తారు' అని అడగండి. ఇక తగ్గదంటే టిఫిన్, అదనపు పరుపు అడగండి, అవి ఇచ్చేస్తారు. పన్ను లెక్క కూడా చూడండి: రోజుకు 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం, ఆ లోపు 5 శాతం. సీజన్‌లో 8,000 ఉన్న గది 5,000కు దిగితే పన్ను 1,440 నుంచి 250కి పడిపోతుంది.

డబ్బు పంపే ముందు నాలుగు మాటలు తేల్చుకోండి. వంటగది నడుస్తోందా, బయటి నుంచి తెచ్చుకోవాలా? జనం లేరని రంగులు, రిపేర్లు పెట్టుకున్నారా? కరెంటు పోతే జనరేటర్ వేస్తారా? వేడినీళ్లు ఎన్ని గంటలకు? మాకు పై అంతస్తులో గోడలు పగలగొడుతుంటే కింద గది ఇచ్చినచోటు ఒకటుంది, అప్పటి నుంచి రిపేర్ల సంగతి మొదటే అడుగుతున్నాను. సామాను మామూలే, కాకపోతే బట్టలు ఆరవు కాబట్టి ఒక నైలాన్ తాడు, పల్చటి తువ్వాళ్లు, పెద్దవాళ్ల మందులు నాలుగు రోజులు ఎక్కువే పెట్టుకోండి.