చదరంగం పిల్లలు: తొలి రేటింగు నుంచి తొలి నార్మ్ దాకా

ఇంటికొచ్చిన పెద్దవాళ్లందరినీ ఏడేళ్ల పిల్ల ఓడించేస్తుంటే అమ్మానాన్నలు ముందు అడిగే ప్రశ్న, ఏ టోర్నమెంటుకి పంపాలి అని. దానికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. మూడు గంటలు కుర్చీలో కూర్చుని, ప్రతి ఎత్తూ రాసుకుంటూ ఆడగలదా? క్లాసికల్ పోటీల్లో ఎక్కువగా కనిపించే టైమ్ 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్ల ఇంక్రిమెంట్ (ఎత్తు వేసిన ప్రతిసారీ క్లాకులో కలిసే టైమ్). మొదటి పోటీకి రెండు నెలల ముందు నుంచి వారానికి ఒక్క గేమైనా అదే క్లాకుతో, స్కోర్ షీటుతో ఇంట్లో ఆడించండి. ఫోన్‌లో మూడు నిమిషాల గేములు వందలాడిన పిల్లలు హాల్లో పావుగంటకే ఆట ముగించి బయటికొస్తారు. అప్పటికి క్లాకులో ఇంకా 85 నిమిషాలు మిగిలే ఉంటాయి.

మొదటి పోటీల్లో పాయింట్లు పోయేది ఎదుటివాడి ఆటకంటే నిబంధనల దగ్గరే ఎక్కువ. పావు ముట్టుకుంటే ఆడాలని అందరికీ తెలుసు. క్యాస్లింగ్ (రాజు, రూక్ అంటే ఏనుగు, ఒకే ఎత్తులో కదలడం) ఒంటిచేత్తో, ముందు రాజుని కదిపి చేయాలని చాలామందికి తెలియదు. రెండు చేతులూ వాడి క్లాక్ నొక్కితే దాన్ని తప్పు ఎత్తుగానే లెక్కిస్తారు. తప్పు ఎత్తు మొదటిసారైతే ఎదుటివాళ్లకి రెండు నిమిషాలు కలుపుతారు. రెండోసారైతే గేమ్ పోయినట్టే. బంటు చివరి గడి చేరినప్పుడు క్వీన్ (మంత్రి) దొరకలేదని రూక్‌ని తలకిందులుగా పెడితే అది రూకే అవుతుంది. క్లాక్ ఆపి ఆర్బిటర్ని (పోటీ నిర్ణేతని) క్వీన్ అడగాలని పిల్లకి ముందే చెప్పి ఉంచండి. 'ముందు రాయి, తర్వాత ఆడు' అని నేర్పే పాతకాలం గురువులు ఇంకా ఉన్నారు. ఇప్పుడు ఆ పద్ధతి కుదరదు, ఆడాకే రాయాలి. డ్రా అడగాలంటే ఎత్తు వేసి, నోటితో అడిగి, ఆ తర్వాతే క్లాక్ నొక్కాలి. ఫోన్ జేబులో ఉండిపోతే ఆట పోయే ప్రమాదం ఉంది.

పోటీకి పేరివ్వడానికి ఏఐసీఎఫ్ (అఖిల భారత చదరంగ సమాఖ్య) రిజిస్ట్రేషన్, ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) ఐడీ, పుట్టినతేదీ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోవాలి. మూడింటిలోనూ పేరు అక్షరాలు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే తర్వాత దిద్దించుకోవడానికి తిరగాల్సొస్తుంది. వయసు జనవరి 1 నాటికి చూస్తారు. ఉదాహరణకి 2025లో అండర్-8 ఆడాలంటే 2017 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాల్సింది. డిసెంబరులో పుట్టిన పిల్లలు దాదాపు ఏడాది పెద్దవాళ్లతో తలపడతారు కాబట్టి, ఏజ్ గ్రూప్ పోటీలో వెనకబడ్డంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు.

రేటింగు అంటే ఆటగాడి బలాన్ని చూపే అంకె. దాని లెక్క తెలుసుకుంటే ఏ టోర్నమెంటు ఆడించాలో మీకే అర్థమవుతుంది. తొలి రేటింగు రావాలంటే రేటెడ్ ఆటగాళ్లతో కనీసం ఐదు గేములు ఆడాలి. ఒకే పోటీలో కానక్కర్లేదు, 26 నెలల్లో పూర్తయితే చాలు. మొదటి పోటీలో ఆ గేముల్లో సున్నా వస్తే దాన్ని లెక్కలోకే తీసుకోరు. 2024 మార్చి నుంచి ఈ లెక్కకి 1800 రేటింగున్న ఇద్దరు ఊహా ఆటగాళ్లతో రెండు డ్రాలు కూడా కలుపుతున్నారు. ఉదాహరణకి సగటు 1500 ఉన్న ఐదుగురితో ఆడి 2 పాయింట్లు తెచ్చుకుందనుకోండి. రెండు డ్రాలు కలిస్తే ఏడు గేముల్లో 3 పాయింట్లు, ఎదుటివాళ్ల సగటు 1586. తొలి రేటింగు దాదాపు 1536 వస్తుంది. 1400 కంటే తక్కువ తేలితే జాబితాలోకి ఎక్కరు, ఎక్కినవాళ్లు 1400 కిందికి జారితే మళ్లీ అన్‌రేటెడ్.

ఆ తర్వాత కె-ఫ్యాక్టర్ పని చేస్తుంది, అంటే ఒక్కో గేముతో రేటింగు ఎంత కదలాలో తేల్చే అంకె. పద్దెనిమిది నిండే ఏడాది చివరిదాకా, రేటింగు 2300 లోపు ఉన్నంతకాలం పిల్లల కె విలువ 40. 1500 రేటింగున్న పిల్ల 1700 వాళ్లని గెలిస్తే 30 పాయింట్లు పెరుగుతాయి, ఓడితే పోయేది దాదాపు 10. 1900 వాళ్లని గెలిస్తే 37, ఓడితే 3. అంటే పెద్ద రేటింగున్నవాళ్ల చేతిలో ఓటమి చవక, మనతో సమానమైనవాళ్ల చేతిలో ఖరీదు. 1600 లోపు వాళ్లకి పెట్టే పోటీల్లో ట్రోఫీలు బాగానే ఇస్తారు గానీ అక్కడ ఎదురయ్యేవాళ్లలో చాలామంది అన్‌రేటెడ్. వాళ్లతో ఆడిన గేములు మీ పిల్ల రేటింగుని కదిలించవు. ట్రోఫీల షెల్ఫు నిండుతుంది, ఆట మాత్రం అక్కడే ఉంటుంది. రేటింగు పరిమితి లేని ఓపెన్ టోర్నమెంటుకి తీసుకెళ్లండి, తొమ్మిది గేముల్లో మూడు పాయింట్లొచ్చినా సరే.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఒక నెలలో కెని గేముల సంఖ్యతో గుణిస్తే 700 దాటకూడదు. దాటితే కె తగ్గిస్తారు. తొమ్మిది రౌండ్ల పోటీలు నెలకి రెండాడితే 18 గేములు, కె 38 అవుతుంది. మూడాడితే 25కి పడిపోతుంది. వేసవి సెలవుల్లో వరసగా మూడు ఊళ్లు తిప్పేవాళ్లు నష్టపోయేది దీనివల్లే. పైగా మూడో పోటీకొచ్చేసరికి పిల్ల అలసిపోతుంది, ఆడిన గేములు విప్పి చూసుకునే రోజులూ ఉండవు.

విప్పి చూసుకోవడమే అసలు పని. స్కోర్ షీటులో ప్రతి ఐదు ఎత్తులకోసారి క్లాకులో మిగిలిన టైమ్ రాయించండి, నిబంధనలు ఒప్పుకుంటాయి. గేమ్ అయ్యాక ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరవకుండా, మూడు చోట్ల ఏమనుకుని ఆ ఎత్తు వేసిందో పిల్ల చేత సొంత మాటల్లో రాయించాలి. మర్నాడే ఇంజిన్. ముందే తెరిస్తే ఎవరిది పైచేయో చెప్పే '+1.2' లాంటి అంకె తప్ప తన ఆలోచన ఎక్కడ తప్పిందో తెలియదు. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ ఏడేళ్లకి ఆట నేర్చుకుని, 2019 జనవరిలో 12 ఏళ్ల 7 నెలల 17 రోజులకే, ఆటలో అన్నిటికన్నా పెద్ద టైటిలైన గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. కోచ్ విష్ణు ప్రసన్న అప్పటిదాకా అతన్ని ఇంజిన్‌కి దూరంగానే ఉంచారు. రోజూ ఇరవై ట్యాక్టిక్స్ పజిల్స్ చేయించండి, జవాబు కాగితం మీద పూర్తిగా రాశాకే సరిచూసుకోవాలి. రేటింగు 1600 దాకా ఓపెనింగులు (ఆట మొదలుపెట్టే పద్ధతులు) మూడు చాలు: తెల్లతో ఒకటి, నల్లతో ఎదుటివాళ్లు రాజు బంటుతో మొదలుపెడితే ఒకటి, మంత్రి బంటుతో మొదలుపెడితే ఒకటి. మిగిలిన సమయం ఆట చివరి దశకి, అంటే ఎండ్‌గేమ్‌కి. రాజు-బంటు ఆటలో అపోజిషన్ (రాజులు ఎదురెదురుగా నిలిచి దారి అడ్డుకోవడం), రూక్ ఆటలో లుసేనా (గెలిచే స్థితి), ఫిలిడోర్ (డ్రా చేసుకునే స్థితి) నిద్రలో లేపి అడిగినా ఆడగలగాలి.

ఆడపిల్లలున్న ఇళ్లలో ఒక సందేహం ఎప్పుడూ ఉంటుంది, బాలికల విభాగమా, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడే ఓపెనా అని. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 1997లో అండర్-10, 1998లో అండర్-12 బాలికల ప్రపంచ టైటిళ్లు గెలిచింది. అయినా 1999లో అహ్మదాబాద్ ఆసియా పోటీల్లో అండర్-12లో అబ్బాయిలతో కలిసి ఆడి గెలిచింది. 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజులకి గ్రాండ్‌మాస్టర్ అయింది. పతకం కోసం ఏడాదికోసారి బాలికల విభాగం ఆడించినా తక్కిన ఏడాదంతా ఓపెన్లే ఆడించండి.

రేటింగు 2200 దాటాక నార్మ్ ఆలోచన మొదలుపెట్టొచ్చు. నార్మ్ అంటే టైటిల్ రావడానికి ఒక పోటీలో చూపాల్సిన స్థాయి ఆట. అంతర్జాతీయ మాస్టర్ (ఐఎం) నార్మ్‌కి సాధారణంగా తొమ్మిది గేములు ఆడాలి, ఆ గేముల్లో చూపిన ఆటకి లెక్కగట్టే రేటింగు (ప్రదర్శన) 2450 రావాలి. ఎదుటివాళ్లలో సగంమంది టైటిల్ ఉన్నవాళ్లు, కనీసం ముగ్గురు ఐఎం లేదా గ్రాండ్‌మాస్టర్లు, మన దేశం కాక మరో రెండు దేశాలవాళ్లు ఉండాలి. పాయింట్లొచ్చినా దేశాల లెక్క కుదరక నార్మ్ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. ఆరో రౌండ్ అవ్వగానే ఎవరెవరు తగిలారో రాసుకుని, ఇంకేం కావాలో ఆర్బిటర్ని అడగండి. నార్మ్ వస్తే దాన్ని ధ్రువీకరించే ఐటీ1 ఫారం మీద ఛీఫ్ ఆర్బిటర్ సంతకం ఊరు వదలక ముందే తీసుకోండి. పరాయి దేశంలో ఆడితే ఇది మరీ ముఖ్యం.