కుందేలు జాడ – 3వ పాఠం: నాలుగు అడుగులు చదవడం

పోయిన పాఠంలో పళ్లు చూశాం. పై ముందుపళ్ల వెనక చిన్న పళ్ల జత ఇంకోటి దాక్కుని ఉంటే అది కుందేలు కుటుంబం. లేకపోతే ఎలుకలు, ఉడుతల వైపు. అన్నిటినీ ఒకే గూట్లో పెట్టేవాళ్లు ఒకప్పుడు. 1912లో గిడ్లీ అనే శాస్త్రవేత్త కుందేళ్లనీ, వాటి చుట్టాలైన పైకాలనీ ఎలుకల నుంచి విడదీసి వేరే క్రమంగా, అంటే వేరే పెద్ద జంతు వర్గంగా, నిలబెట్టాడు.

ఇవాళ పాదాలకి వద్దాం. పళ్లు చూడాలంటే కుందేలు దొరకాలి, అది మనకి దొరకదు. విశాఖ చుట్టూ కొండవాలుల్లో, సరుగుడు తోటల్లో తిరిగే చెవులపిల్లి పగలంతా గడ్డిలో తన ఒళ్లు పట్టేంత గుంటలో కదలకుండా పడుకుంటుంది. చీకటి పడ్డాకే మేతకి లేస్తుంది. దాని అడుగులు మాత్రం తెల్లారేదాకా నేలమీద ఉంటాయి. వాటిని చదవడం వస్తే చాలు, కుందేలు కనపడకపోయినా రాత్రి ఏం చేసిందో తెలుస్తుంది.

ముందు మీ ఒంటితోనే నేర్చుకోండి. పొద్దున్నే ఇంట్లో పెద్దవాళ్లని తీసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లండి. అలలు తగలని చోట, చెమ్మగా గట్టిగా ఉన్న ఇసుక చూసుకోండి. వంగి కుడి అరచేయి ఆనించండి. దానికి జానెడు ముందు ఎడమ అరచేయి. ఇప్పుడు ఒక్క గెంతు గెంతి, రెండు కాళ్లనీ చేతుల పక్కల నుంచి ముందుకి తెచ్చి పక్కపక్కనే దించండి. మెల్లగా లేచి, గుర్తులు చెరపకుండా పక్కకి జరిగి చూడండి.

ఏం కనపడింది? వెనక రెండు చిన్న గుర్తులు, ఒకదాని వెనక ఒకటి. వాటి ముందు రెండు పెద్ద గుర్తులు, పక్కపక్కన. పరిగెత్తే కుందేలు అడుగు సరిగ్గా ఇదే. పెద్దవి ముందున్నాయి కదా, అవి వెనక కాళ్లవి! కుందేలు ముందు కాళ్లు ఆనించి, వాటిని దాటించి వెనక కాళ్లు వేస్తుంది. కాబట్టి పెద్ద గుర్తులు ఎటున్నాయో కుందేలు అటే వెళ్లింది. కొత్తవాళ్లు అందరూ తడబడేది ఇక్కడే. పెద్ద గుర్తులు వెనక కాళ్లవని తెలిసి, అవి వెనకే ఉండాలనుకుని, కుందేలు వచ్చిన దారినే వెతుక్కుంటూ పోతారు. అందుకే ఈ గెంతు పదిసార్లయినా వేయండి.

ఉడుత కూడా గెంతుతుంది, దానికీ వెనక కాళ్ల గుర్తులే ముందువైపు ఉంటాయి. మరి తేడా ఎలా తెలుస్తుంది? చెట్లెక్కే ఉడుత ముందు కాళ్లని సాధారణంగా జంటగా, పక్కపక్కన వేస్తుంది. కుందేలు ఒకదాని వెనక ఒకటి వేస్తుంది. ఇంటి గోడవారన తడిమట్టి ఉంటే ఉడుత అడుగులు అక్కడే దొరుకుతాయి, పోల్చి చూడండి.

ఒక్కోసారి కుందేలు ముందు కాళ్లు రెండూ దాదాపు ఒకేచోట పడి ఒకే గుర్తులా ఉంటాయి. అప్పుడు లెక్కపెడితే మూడే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని పట్టుబట్టకండి, తర్వాతి గెంతు చూడండి, నాలుగోది విడిగా కనపడుతుంది.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల వైపు ఒక జనవరి పొద్దున మా అక్క కూతురితో వెళ్లాను. బండిబాట మీద మంచుకి ఇసుక పైపొర కాస్త అణిగి ఉంది. ఒక వరస అడుగులు బాటని అడ్డంగా దాటాయి. పిల్ల మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. "పిన్నీ, కుక్క అడుగులో గుండ్రంగా మెత్తలు కనపడతాయి కదా, దీనికి లేవేంటి?" అంది. మంచి ప్రశ్న. కుందేలు అరికాలి నిండా వెంట్రుకలే. అందుకే దాని అడుగు అంచులు చెదిరినట్టు, దూదితో అద్దినట్టు పడుతుంది.

ఆ అడుగుల వెంటే వెళ్తే బాట పక్కన ఒక లేత మొక్క కాడ తెగి ఉంది. కత్తిపీట మీద ఏటవాలుగా కోసినట్టు నున్నగా తెగింది. మేక కొరికితే అలా ఉండదు. మేకకి పైన ముందుపళ్లు లేవు, అది పట్టి లాగి తెంపుతుంది, కొస పీచు పీచుగా ఉంటుంది. పోయిన వారం నేర్చుకున్న పళ్లు ఇదిగో, ఇక్కడ పనికొచ్చాయి.

ఒక్క జాగ్రత్త. గడ్డిలో కుందేలు పిల్ల ఒంటరిగా కనపడితే తల్లి వదిలేసిందనుకుని ఎత్తుకురాకండి. అడవి కుందేలు పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. తల్లి వాటిని దాచిపెట్టి దూరంగా ఉండి, పాలివ్వడానికే వస్తుంది. బోనుల్లో అమ్మే తెల్ల కుందేళ్లు యూరప్ జాతివి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. ఆ రెండిటినీ కలపకండి. మన అడవి కుందేలుకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది.

మరి పైకా? హిమాలయాల్లో రాళ్ల సందుల్లో ఉండే ఈ చిన్న చుట్టానికి గుండ్రటి చెవులు. తోక పైకి కనపడదు. నాలుగు కాళ్లూ దాదాపు ఒకే పొడవు కాబట్టి ఇవాళ నేర్చుకున్న నమూనా దానికి పనికిరాదు, పైగా రాళ్ల మీద అడుగు పడదు. చాలా పైకా జాతులకి గడ్డివామే జాడ. గడ్డి కోసి, ఆరబెట్టి, చలికాలానికి రాళ్ల కింద దాస్తాయి. అమెరికా పైకా అయితే నీడ దొరక్కుండా 26 డిగ్రీల వేడిలో కొన్ని గంటలుంటేనే చనిపోవచ్చు. విశాఖలో మే నెల రాత్రులు సాధారణంగా అంతకన్నా వేడిగానే ఉంటాయి.

ఈ వారం పని: మీ గెంతు గుర్తుల్ని నోటుబుక్కులో గీసి, వెళ్లిన దిక్కుకి బాణం గుర్తు పెట్టండి. తర్వాత ఈ లెక్క చెప్పండి. సరుగుడు తోటకీ సముద్రానికీ మధ్య ఇసుకలో నాలుగు గుర్తులున్నాయి. సముద్రం వైపు రెండు చిన్నవి, ఒకదాని వెనక ఒకటి. తోట వైపు రెండు పెద్దవి, పక్కపక్కన. కుందేలు ఎటు వెళ్లింది? జవాబు 4వ పాఠంలో, కుందేలు పెంటికల సంగతితో పాటు.